చంకనెక్కిన కుక్క కూడా కుక్కే

రోమ్‌లో ఒకసారి కొందరు డబ్బున్న విదేశీయులు కుక్కపిల్లల్నీ కోతిపిల్లల్నీ ఒళ్లో పెట్టుకుని ముద్దు చేస్తుంటే సీజర్ చూశాడట. "మీ దేశంలో ఆడవాళ్లు పిల్లల్ని కనరా?" అని అడిగాడట. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈ ముచ్చటను రాసిపెట్టి సుమారు 1,900 ఏళ్లయింది. చిన్న కుక్కను ఎత్తుకున్న మనిషి ఎదురైతే ఇవాళ వినిపించే మాటలూ ఇంచుమించు అవే. పిల్లలు లేరేమో పాపం. డబ్బెక్కువైంది. అది కుక్కా, బొమ్మా?

1570లో జాన్ కైయస్ అనే ఇంగ్లండ్ వైద్యుడు తన దేశపు కుక్కల గురించి లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. వేటకుక్కలు ఏం చేస్తాయో, కాపలా కుక్కలు ఏం చేస్తాయో శ్రద్ధగా చెప్పుకొచ్చిన ఆ పెద్దమనిషి, ఒళ్లో పెంచుకునే చిన్న కుక్కల దగ్గరికి వచ్చేసరికి అవి ఆడవాళ్ల ముచ్చట తీర్చేవే తప్ప పెద్దగా పనికిరానివని రాశాడు. ఆ పుస్తకానికి 1576లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదమైతే వాటిని పనీపాటా లేనివాళ్లు పొద్దుపుచ్చుకునే ఆటవస్తువులని తేల్చేసింది. ఇక 2000ల మొదట్లో అమెరికన్ టీవీ తార ప్యారిస్ హిల్టన్ చేతిలో టింకర్‌బెల్ అనే చివావా జాతి బుల్లి కుక్క ఫొటోలు ప్రపంచమంతా తిరిగాక "హ్యాండ్‌బ్యాగ్ కుక్క" అన్న ముద్ర గట్టిగా పడిపోయింది.

ఈ మూడు చోట్లా మాట్లాడిందంతా మనిషి గురించే. ఆ కుక్కకు ఏం కావాలి, అది ఏం చెబుతోంది, దానికి ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు.

నేను పదకొండేళ్లుగా మూడు కిలోల కుక్కతో బతుకుతున్నాను. పైన చెప్పిన మాటలన్నీ విన్నాను, బాధపడ్డాను కూడా. కానీ ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటుంది. చిన్న కుక్కను పెంచేవాళ్లను వెక్కిరించేవాళ్లూ, చిన్న కుక్కను అశ్రద్ధగా పెంచేవాళ్లూ చేసే తప్పు ఒక్కటే. ఇద్దరూ దాన్ని కుక్కగా చూడరు. ఒకరికి అది వేళాకోళం, ఇంకొకరికి అది అలంకారం. దాని ఫలితం మాత్రం కుక్కే అనుభవిస్తుంది.

ముందు ఇలాంటి చిన్న జాతులకు వాడే "టాయ్ బ్రీడ్" అన్న మాట సంగతి చూద్దాం. కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘాలైన కెన్నెల్ క్లబ్బులు పరిమాణాన్ని బట్టి కట్టిన ఒక గుంపు పేరు అది. అంతకుమించి అందులో గుణగణాల లెక్క లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం చివావా బరువు 6 పౌండ్లు దాటకూడదు, అంటే సుమారు 2.7 కిలోలు. యార్క్‌షైర్ టెర్రియర్ 7 పౌండ్లు. ఇదే గుంపులో పామెరేనియన్, మాల్టీస్, పెకినీస్, పాపిలాన్, పగ్ ఉన్నాయి. వీటన్నిటి పుట్టుకా ఒక్కటి కాదు. పెకినీస్ చైనా రాజభవనాల్లో పెరిగింది. పామెరేనియన్ పూర్వీకులు ఉత్తరాది చలిదేశాల స్పిట్జ్ కుక్కలు, ఇప్పటి పామెరేనియన్ కంటే ఎన్నో రెట్లు పెద్దవి. యార్క్‌షైర్ టెర్రియర్ అయితే 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్ మిల్లుల్లో ఎలుకలు పట్టిన కుక్క. ఇవాళ తలమీద రిబ్బను కట్టించుకుని కూర్చునే ఆ కుక్కకు కాళ్ల ముందు ఏదైనా చురుగ్గా కదిలితే ఒళ్లంతా బిగుసుకునేది అందుకే.

ఈ జాతిదే స్మోకీ కథ ఒకటుంది. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, న్యూగినీ అడవిలో దొరికిన యార్క్‌షైర్ టెర్రియర్ అది. బరువు 1.8 కిలోలు. బిల్ విన్ అనే అమెరికన్ సైనికుడు దాన్ని చేరదీశాడు. 1945 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ విమానాశ్రయంలో రన్‌వే కింద నుంచి టెలిఫోన్ తీగ లాగాల్సి వచ్చింది. కింద ఉన్న గొట్టం 70 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, కొన్నిచోట్ల మట్టితో సగం పూడిపోయి ఉంది. తవ్వి తీగ వేయాలంటే రోజులు పడుతుంది, అన్ని రోజులూ మనుషులు, విమానాలు శత్రువుల బాంబుల కింద ఉండాలి. స్మోకీ మెడపట్టీకి తాడు కట్టి ఇటు నుంచి పంపారు. విన్ అటు చివర కూర్చుని పిలిచాడు. అది వెళ్లింది. ఆ గొట్టంలోకి దాన్ని వెళ్లనిచ్చింది దాని పరిమాణమే, నిజమే. కానీ చీకట్లో ఒక గొంతును నమ్మి ముందుకు నడవడం మాత్రం ఏ కుక్కయినా తన మనిషితో కలిసి నేర్చుకునేదే.

శాస్త్రం కూడా ఈ మాటకు అడ్డుచెప్పదు. కుక్కల పరిమాణంలో కనిపించే తేడాలో పెద్ద వాటా ఐజీఎఫ్1 అనే జన్యువు దగ్గర ఉందని 2007లో తేలింది. చిన్న పరిమాణానికి సంబంధించిన మార్పు సుమారు 54,000 ఏళ్ల కిందటి ఒక తోడేలులోనే ఉందని 2022లో బయటపడింది. చిన్నతనం మనిషి నిన్నగాక మొన్న బొమ్మలా చెక్కినది కాదన్నమాట. అదే 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ఒకటి, 18,000కు పైగా కుక్కల ప్రవర్తన వివరాలు సేకరించి, ఒక కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని చెప్పింది. జాతి పేరు చూసి కుక్క మనసు చెప్పేయడం అంత తేలిక కాదు.

అలాగని చిన్న కుక్కల మీద వినిపించే ఫిర్యాదులన్నీ అబద్ధాలని నేను అనను. అవి ఎక్కువ మొరుగుతాయి, ఊరికే కరుస్తాయి, మాట వినవు అంటారు. ఇందులో నిజముంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ప్రచురించిన పరిశోధనలో, మనుషుల మీదా తోటి కుక్కల మీదా దూకుడు చూపడంలో చివావా, డాక్స్‌హుండ్ సగటు కంటే పైన నిలిచాయి. ఇక్కడే చాలామంది ఆగిపోయి "చూశారా, జాతే అంత" అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా విప్పుకుందాం.

2010లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,276 మంది కుక్కల యజమానుల జవాబులు సేకరించి చూశారు. 20 కిలోల లోపు కుక్కల్ని ఒక వైపు, అంతకు పైవాటిని ఇంకో వైపు పెట్టారు. చిన్న కుక్కలు తక్కువ మాట వింటాయనీ, దూకుడు, భయం ఎక్కువ చూపుతాయనీ యజమానులే చెప్పారు. కానీ ఆ కాగితాల్లోనే ఇంకో సంగతీ ఉంది. చిన్న కుక్కల యజమానులు వాటికి తక్కువ శిక్షణ ఇస్తున్నారు, తక్కువ ఆడుతున్నారు, ఈరోజు ఒప్పుకున్నదాన్ని రేపు తప్పంటున్నారు. యజమాని తీరు స్థిరంగా ఉన్నచోట, కుక్క చిన్నదైనా పెద్దదైనా, మాట వినడం ఎక్కువగా కనిపించింది. దండన ఎక్కువైన చోట దూకుడు పెరిగింది, చిన్న కుక్కల్లో అయితే దానితోపాటు భయం కూడా కనిపించింది. ఏది కారణం, ఏది ఫలితం అని ఇలాంటి సర్వే తేల్చి చెప్పలేదు. అయినా కొంత జాతిలోంచి వచ్చినా, కొంత మన చేతుల్లోంచే వస్తోందన్నది ఇందులోంచి నేను తీసుకున్న మాట.

చేతుల్లోంచి ఎలా వస్తుందో చూడండి. ముప్పై కిలోల కుక్క అతిథి మీదికి ఎగిరితే ఆ ఇంట్లో ఆ వారమే శిక్షణ మొదలవుతుంది. మూడు కిలోల కుక్క ఎగిరితే అందరూ నవ్వి ఎత్తుకుంటారు. ముప్పై కిలోల కుక్క పళ్లు చూపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మూడు కిలోలది చూపిస్తే "అబ్బో, వీడికి కోపమొచ్చింది" అని ఫోన్ తీసి వీడియో తీస్తారు. ఆ వీడియోను వేలమంది చూసి మురిసిపోతారు. తెరమీద కనిపించేది భయంతో వణుకుతున్న ప్రాణి అని గుర్తుపట్టేవాళ్లు బహు కొద్దిమంది.

భయం ఎందుకంటారా? లెక్క వేసి చూడండి. రెండున్నర కిలోల కుక్కకు అరవై కిలోల మనిషి 24 రెట్లు. మన అరవై కిలోల ముందు అదే నిష్పత్తిలో నిలబడాలంటే ఆ ప్రాణి 1,400 కిలోలు దాటాలి, అంటే ఒక కారు బరువు. ఆ బరువున్న ప్రాణి ఏ సంకేతమూ లేకుండా వెనకనుంచి వచ్చి, పొట్టకింద చెయ్యి వేసి, మన ఎత్తుకు ఎన్నో రెట్లు పైకి లేపి, ముక్కుమీద ముద్దు పెట్టబోతే మనం ఏం చేస్తాం? రోజుకు ఇరవైసార్లు అలా జరుగుతుంటే? చిన్న కుక్క బతుకు అదే. ముందు అది మొహం పక్కకు తిప్పుకుంటుంది. పెదాలు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. కదలకుండా బిగుసుకుపోతుంది. ఇవన్నీ "వద్దు" అని చెప్పే మాటలే. ఎవరూ వినలేదు కాబట్టి గుర్రుమంటుంది. దానికీ నవ్వారు కాబట్టి కరుస్తుంది. కరిస్తే చెయ్యి వెనక్కి వెళ్లింది కదా, ఇక మర్నాటి నుంచి ముందరి మెట్లన్నీ వదిలేసి నేరుగా కరవడమే నేర్చుకుంటుంది. దానికి మనం పెట్టే పేరు పొగరు.

గుర్రుమన్నందుకు కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గుర్రు ఒక హెచ్చరిక. కొడితే భయం పోదు, హెచ్చరిక మాత్రం పోతుంది.

మొరిగే కుక్క కరవదని సామెత. పిల్లలున్న ఇంట్లో ఈ సామెతను నమ్ముకోవద్దు. మొరగడమూ కరవడమూ ఒకే భయానికి రెండు మెట్లు కావచ్చు. పైగా చిన్న కుక్క కాటు చిన్న విషయం కాదు. మనుషులకు వచ్చే రేబిస్ కేసుల్లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వైరస్ కుక్క బరువు చూసి ఆగదు. కాబట్టి ఒళ్లో తిరిగే కుక్కకైనా టీకా తప్పదు, ఏటా గుర్తుపెట్టుకోవలసిందే. ఏ కుక్క కరిచినా గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. "మన బుజ్జిగాడే కదా" అని వదిలేయకూడదు.

ఇప్పుడు ఎత్తుకోవడం సంగతి. చూసేవాళ్లకు అన్నిటికంటే చిరాకు కలిగించేది ఇదే: "దానికి కాళ్లు లేవా?" అంటారు. కాళ్లున్నాయి. నడవాలి కూడా. రోజూ నేలమీద నడిచి, వాసనలు చూసి, మట్టి తవ్వి, అలిసిపోయి నిద్రపోవాలి. ఈ హక్కును దాని దగ్గర లాక్కున్న యజమాని ఎంత ప్రేమించినా బాధ్యతగా పెంచుతున్నట్టు కాదు. అయితే ఎత్తుకోవడమే బాధ్యత అయిన సందర్భాలూ ఉన్నాయి. టాయ్ బ్రీడ్లలో మోకాలి చిప్ప పక్కకు జారడం చాలా మామూలు జబ్బు. ముంగాలి ఎముకలు ఎంత సన్నగా ఉంటాయంటే సోఫా మీంచి దూకినా, చేతుల్లోంచి జారిపడినా విరగవచ్చు. జనం కిక్కిరిసిన చోట ఒక్క కాలు పడితే చాలు. అప్పుడు ఎత్తుకున్నవాళ్లు గారాబం చేస్తున్నట్టు కాదు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ కుక్కలు మూడే. రెండు పామెరేనియన్లు, ఒక పెకినీస్. పడవలోకి చంకలో పెట్టుకుని తీసుకుపోగలిగినవి అవే.

మా కుక్క రెండు కాళ్లకూ మోకాలి ఇబ్బంది ఉంది. మెట్లు వచ్చినప్పుడల్లా ఎత్తుకుంటాను. దింపాక తోక పైకెత్తి తన దారిన తను నడుస్తుంది. మెట్ల దగ్గర చూసినవాళ్లు నవ్వుతారు. ఆ తర్వాతి రెండు కిలోమీటర్ల నడక చూడటానికి వాళ్లు అక్కడ ఉండరు.

అతి జాగ్రత్తలా కనిపించే చాలా పనుల వెనక ఇలాంటి కారణమే ఉంటుంది. చిన్న జాతుల్లో గాలిగొట్టం మెత్తబడి కుంగిపోయే జబ్బు ఎక్కువ, అందుకే మెడకు బెల్టు కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయాలి. ఎనిమిది పది వారాల కూనకు ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి కాళ్లు తడబడతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. చిన్న దవడలో పళ్లన్నీ ఇరుక్కుని ఉంటాయి, పాలపళ్లు ఊడకుండా ఉండిపోతాయి, చిగుళ్ల జబ్బు తొందరగా వస్తుంది. రోజూ బ్రష్ చేయడం ఫ్యాషన్ కాదు. చాక్లెట్ విషం కుక్క బరువును బట్టి పనిచేస్తుంది. లాబ్రడార్ తిని ఊరుకున్న ముక్క చివావాను ఆసుపత్రిలో పడేయగలదు. బరువు లెక్క ఇంకోలా కూడా ఉంది. మూడు కిలోల కుక్క 300 గ్రాములు పెరిగితే అది పది శాతం. చూడటానికి ఏమీ తెలియదు, మోకాలికి మాత్రం తెలుస్తుంది. "ఒక్క ముక్కే కదా" అని ఇంట్లో నలుగురూ తలా ఒకటి పెడితే ఆ రోజు తిండి అక్కడికే అయిపోయినట్టు.

బట్టల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒంటిమీద వెంట్రుకలు పలచగా ఉన్న చిన్న ఒళ్లు తొందరగా వేడిని కోల్పోతుంది, చలిలో స్వెటర్ అవసరం. ఫొటో కోసం తొడిగే గౌను కుక్కకు కాదు, మనకు. తొడిగాక అది మామూలుగా నడుస్తోందా, కొయ్యబారిపోయిందా చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

బాధ్యత అసలు ఇంటికి తేవడానికి ముందే మొదలవుతుంది. చిన్న కుక్కల విషయంలో ఎక్కువ అన్యాయం జరిగేది అక్కడే. "టీకప్" అనే పేరుతో అరచేతిలో పట్టే కూనల్ని అమ్ముతుంటారు. ఏ ప్రధాన కెన్నెల్ క్లబ్బూ టీకప్‌ను ఒక జాతిగా గుర్తించలేదు. అది అమ్మకం కోసం పుట్టిన మాట. ఒక్కో కాన్పులో బలహీనంగా పుట్టినవాటిని జతకట్టించడం, తగిన వయసు రాకముందే తల్లి నుంచి వేరుచేసి వయసు ఎక్కువ చెప్పి అమ్మడం, తిండి తగ్గించి ఎదగనివ్వకపోవడం, ఇవన్నీ ఆ మాట చాటున జరిగేవే. కూన తల్లితో, తోబుట్టువులతో గడిపే వారాలు దానికి బడి లాంటివి. మూడో వారం నుంచి పన్నెండో, పద్నాలుగో వారం దాకా చూసినవాటినీ విన్నవాటినీ కుక్క జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. ఆ రోజులు బోనులో గడిపిన కూన పెద్దయ్యాక తలుపు చప్పుడుకే కంపించిపోతే, నింద కొన్నవాళ్ల గారాబం మీద పడుతుంది. పెంచి అమ్మినవాళ్లు ఎవరికీ కనబడరు.

లూసీ అనే కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి చిన్న కుక్కను 2013లో వేల్స్‌లోని ఒక కుక్కపిల్లల ఉత్పత్తి కేంద్రం నుంచి కాపాడారు. ఇరుకు బోనులో ఉంచడం వల్ల దాని నడుం వంగిపోయింది. దాని పేరుమీదే ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి ఒక చట్టం వచ్చింది. ఆరు నెలల్లోపు కుక్కపిల్లల్ని, పిల్లిపిల్లల్ని వ్యాపారంగా అమ్మేవాళ్లు తాము పెంచినవే అమ్మాలి, మధ్యవర్తులు అమ్మకూడదు. కూనను తల్లితోపాటు, పుట్టినచోటే చూపించాలి. చట్టం లేని చోట ఉన్నవాళ్లు కూడా ఈ నియమాన్ని సొంతంగా పెట్టుకోవచ్చు. తల్లిని చూపించనివాళ్ల దగ్గర కొనకపోతే సరి. నార్వేలో అయితే గుండె జబ్బులు, పుర్రె ఇరుకు వల్ల వచ్చే నొప్పుల కారణంగా కవలియర్ల పెంపకం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది. పొట్టి ముక్కు పగ్ గురకను ముద్దుగా చెప్పుకునే ముందు, ఆ గురక గాలి ఆడకపోవడం వల్ల వచ్చేదని తెలుసుకోవాలి.

ఫ్యాషన్‌గా వచ్చిన కుక్క ఫ్యాషన్‌తోపాటే వీధిన పడుతుంది. టింకర్‌బెల్ ఫొటోలు వచ్చిన కొన్నేళ్లకే, 2009, 2010 ప్రాంతంలో, కాలిఫోర్నియా షెల్టర్లు చివావాలతో నిండిపోయి వాటిని విమానాల్లో వేరే రాష్ట్రాలకు పంపవలసి వచ్చింది. బ్యాగులో పట్టేది కదా అని తెచ్చుకున్నవాళ్లకు అది పదమూడు, పద్నాలుగేళ్లు బతికే ప్రాణి అని ఎవరూ చెప్పలేదు. చిన్న జాతులు పెద్దవాటికంటే సాధారణంగా ఎక్కువ కాలం బతుకుతాయి. అంటే చిన్న కుక్కను తెచ్చుకునేవాళ్లు, చివరిదాకా చూసుకుంటామని పెద్ద కుక్కల వాళ్లకంటే పొడుగు మాట ఇస్తున్నట్టు.

పెద్ద కుక్కల యజమానులకు ఒక విన్నపం కూడా ఉంది. "మావాడు ఏమీ చెయ్యడండీ, ఆడుకోవడానికే వస్తున్నాడు" అని లీష్ వదిలేయకండి. మీవాడు నిజంగానే మంచివాడు కావచ్చు. ఆటలో ఒక్కసారి పంజా వేస్తే మావాడి వెన్ను నిలవదు. పరిగెత్తే చిన్న ప్రాణిని చూస్తే మంచి కుక్కకైనా లోపలి వేట మేలుకోవచ్చు. అప్పుడు నేను కంగారుగా ఎత్తుకుంటే నన్ను చూసి నవ్వకండి, మీవాణ్ణి దగ్గరికి పిలవండి. నా వంతుగా నేను కూడా మావాడు మొరుగుతూ మీవాడి మీదికి ఉరికితే చిన్నవాడే కదా అని వదిలేయకూడదు. మీవాడు ఓపిక పట్టాడు కాబట్టి మావాడు చేసింది ఒప్పయిపోదు.

ఇంకో మాట. ఈ ముద్ర మగవాళ్లనూ వదలదు. చిన్న కుక్కతో నడిచే మగవాణ్ణి "మీ ఆవిడదా?" అని అడుగుతారు. కుక్క చెయ్యాల్సిన పని యజమాని మగతనం చాటడమే అన్నట్టు. ఇరుకింట్లో ఉన్నవాళ్లు, వయసు మీదపడి బలమైన కుక్క లాగుడుకు తట్టుకోలేనివాళ్లు, తాము మొయ్యగలిగినంతే తెచ్చుకోవాలని ఆలోచించి చిన్న కుక్కను ఎంచుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. నా దృష్టిలో అది ఎంతో బాధ్యత గల నిర్ణయం.

కొన్నేళ్ల కిందట నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎత్తుకునే ముందు పక్కన కూర్చుని, రెండు చేతులూ చాచి, "ఎత్తుకోనా?" అని అడిగి ఆగుతాను. మొదట్లో మావాడికి అర్థం కాలేదు, అలా అడిగినవాళ్లు అంతవరకు లేరు కదా. నెల తిరిగేసరికి కావాలంటే ముందుకు వచ్చి ముంగాళ్లు నా చేతిమీద పెట్టడం, వద్దంటే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. గుర్రుమనడం దాదాపు మానేశాడు. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర అడిగాను, వచ్చాడు. పైకి వెళ్లాక దింపి, గుమ్మం దాకా ఎత్తుకోనా అని మళ్లీ అడిగితే మొహం తిప్పుకుని, గోడవారగా వాసన చూసుకుంటూ తనే నడుచుకుంటూ వెళ్లాడు.